మూడు ప్రాణాల ఆటకు ముఖారి

నా ఉద్యోగ జీవితంలో ఆఫీసులో నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఒకే ఒక్క నిజం చెప్పాను. దానివల్ల ఒక అమ్మాయి ఉద్యోగం పోయింది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మీరు. పెద్దవాళ్ళు జ్ఞాపకాలు రాస్తే ఆ రోజులే బంగారమంటారని అనుకుంటారు. నేను అనను. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున దీపం పెట్టి, దండం పెట్టుకుని లేచాక రాస్తున్నాను గనక కాస్త తగ్గించి రాయాలని చూస్తాను. తగ్గకపోతే మన్నించండి.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. ఊరు పుదుచ్చేరి. నేను బడికి పోలేదు. మా ఇళ్ళలో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ చదవడం వచ్చింది మా అవ్వ ఒక్కతెకే. ఆమె స్తోత్రాల పుస్తకం ముందు పెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. వంటింటి గడప మీద కూర్చోబెట్టి సరళీ స్వరాల నుంచి కీర్తనల దాకా నేర్పింది. పాట ఎలా నేర్పిందో, దేవుడికి రోజూ కృతజ్ఞత చెప్పుకోవడం కూడా అలాగే నేర్పింది. తప్పు పాడితే ఒక మొట్టికాయ, దండం మరిచిపోతే రెండు.

బజారులో పెద్ద బట్టల కొట్టున్న మావాళ్ళలో ఒకాయన పారిస్‌లో నాలుగేళ్ళుండి తిరిగొచ్చి, కొట్టు మేడ మీద రెండు గదుల్లో ఆఫీసు పెట్టాడు. పారిస్‌లో ఒక కంపెనీ కంప్యూటర్ ఆటలు తయారుచేసి అమ్మేదట. బొమ్మలు వాళ్ళే గీసుకుంటారు, సంగీతం మాత్రం బయటివాళ్ళకు ఇస్తారు. ఆ పని చేతులు మారి చేతులు మారి మా బజారు మేడెక్కింది. రాగాలు కట్టేవాళ్ళు కావలసివచ్చి, అమ్మవారి గుడిలో శుక్రవారం నేను పాడుతుంటే విని, ఆయనే మా ఇంటికొచ్చాడు.

"నాకు సర్టిఫికెట్ లేదు సార్" అన్నాను.

"లేకపోతే ఏందమ్మా? గొంతులో ఉంది గదా. సోమవారం వచ్చెయ్యండి."

అమ్మవారే ఆయన నోట పలికించిందనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ మనిషిని, పిల్లల తల్లిని, ఇంగ్లీషు ముక్క రానిదాన్ని, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. రోజూ మా పేట ఉప్పళం నుంచి నడిచిపోతూ దారిలో గుడి ముందు ఆగి ఆయన పేరు మీద ఒక దండం అదనంగా పెట్టేదాన్ని. నవ్వకండి. నిజంగానే పెట్టేదాన్ని.

ఆఫీసులో మేం ముగ్గురం. ఆయన, నేను, మెషిన్ దగ్గర కూర్చునే అమ్మాయి. ఆ అమ్మాయిది సముద్రపు ఒడ్డున జాలర్ల పేట, కురుచికుప్పం. సముద్రానికి పోయే కుటుంబం. ఇరవై రెండేళ్ళు. టైపు హయ్యర్ పాసై, కంప్యూటర్ కోర్సు చదివి వచ్చింది. వాళ్ళది తమిళం. పక్కింటి తెలుగువాళ్ళ దగ్గర పెరిగింది కాబట్టి మేమిద్దరం సగం అదీ సగం ఇదీ మాట్లాడుకునేవాళ్ళం. ఆయన నన్ను 'మీరు' అనేవాడు, ఆమెను 'నువ్వు' అనేవాడు. అందులో తప్పుందని అప్పట్లో నాకు తోచలేదు.

పని ఎలా జరిగేదో ఒక్కసారి చెబుతాను, లేకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. నేను రాగం కట్టి స్వరాలు తెలుగులో నోటు పుస్తకంలో రాసేదాన్ని. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు. ఆ మాటకొస్తే ఆయనకూ రాదు. మాట తెలుగేగానీ చదువంతా ఫ్రెంచి బడిలో. అందుకని నేను పైకి చదివేదాన్ని, ఆమె ఒక్కో స్వరాన్ని అంకెగా మార్చి మెషిన్‌లో కొట్టేది. ఒక వరుస అయ్యాక తలెత్తకుండానే "మళ్ళీ" అనేది. నేను రెండోసారి చదవాలి, ఆమె కొట్టినదానితో సరిచూసుకోవాలి. తప్పులు దొరికేది రెండో చదువులోనే. ఎంత తొందరున్నా ఆ రెండో చదువు మానేది కాదు. విసుగొచ్చి "సరిగ్గానే ఉంటుందిలేమ్మా" అంటే, "ఉంటే ఇంకోసారి ఉండనీ అక్కా" అనేది.

ఇక పారిస్ ఉత్తరాలు. అవి ఫ్రెంచిలో వచ్చేవి. ఆయనొక్కడే చదివి మాకు తెలుగులో చెప్పేవాడు. నా పుస్తకం ఆయన చదవలేడు, ఆయన ఉత్తరం నేను చదవలేను. ఇద్దరిలో ఎవరి చదవలేనితనం ఎవరికి ఉపయోగపడిందో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆ ఏడాది వచ్చిన ఆట సముద్రంలో మునిగి ముత్యాలు ఏరేది. ఆడేవాడికి మూడు ప్రాణాలు. మూడూ పోయాక, మనిషి నీటి అడుక్కి జారిపోతుంటే ఒక చిన్న దుఃఖపు పాట కావాలన్నారు.

"మూడు ప్రాణాలా?" అని ఆ అమ్మాయి నవ్వింది. "మా కుప్పంలో చెప్తే కొడతారక్కా. మా నాయనకు ఒక్కటే ఇచ్చినాడు సామి. అది పట్టుకోని పోయి తిరిగి రాలా."

వాళ్ళ నాన్న సముద్రంలో పోయాడని నాకు అప్పుడే తెలిసింది. "ముఖారి కడతాలేమ్మా" అన్నాను. మన దగ్గర దుఃఖానికి రాగం ముఖారే గదా.

కట్టాను. చదివాను. ఆమె కొట్టింది. మెషిన్ వాయించింది. ఏం చెప్పమంటారు! బడిపిల్లలు ఎక్కాలు అప్పచెప్పినట్టుంది. స్వరాలన్నీ ఉన్నాయి, ముఖారి లేదు. ప్రతి స్వరం కొయ్యలా నిలబడింది.

"ఇది రాగం కాదు. రిషభం దగ్గర ఊగాలి, ధైవతం మీదికి జారాలి" అని పాడి చూపించాను.

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "మా అమ్మ ఏడ్చింది ఇట్లానే అక్కా. ఏడుపు యాడా నిలబడదు."

తరవాత పదకొండు రోజులు ఆ పిల్ల చేసిన పని నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. ఒక స్వరానికి ఒక అంకె గదా, ఆ అంకెను ఒకటి పెంచి, రెండు తగ్గించి, మళ్ళీ ఒకటి పెంచి, కంటి రెప్పపాటులో అయిదారు అంకెలు వరసగా పెడితే స్వరం ఊగుతుందని తనంతట తానే కనిపెట్టింది. ఒక్కొక్క గమకానికి, అంటే ఒక్కొక్క ఊపుకు, ఒక పూట. నేను పాడాలి, ఆమె కొట్టాలి, విని, చెరిపేసి, మళ్ళీ కొట్టాలి. "ఇంకా కొంచెం, ఇంకా కొంచెం" అని నేను. "చంపుతున్నావక్కా" అని ఆమె. పన్నెండో రోజు మధ్యాహ్నం ఆ డబ్బా ముఖారి పాడింది. నాకు చేతుల మీద రోమాలు లేచాయి. కింద కొట్టులో బట్టలు కొలిచే గుమాస్తా మెట్లెక్కి వచ్చి "రేడియో కొన్నారా?" అని అడిగాడు. ఆమె అన్నం తినకుండా ఆ పాట మూడుసార్లు వింది.

మా యజమాని ఆ రోజు ఊళ్ళో లేడు. వచ్చాక వినమంటే "మీరు విన్నారు గదా, చాలు" అని ఫ్లాపీ కట్టించి పారిస్‌కు పంపించాడు. ఆయన ఏ పాటా వినేవాడు కాదు.

నెల దాటాక ఒక ఉదయం ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఉత్తరం. ముఖం కందగడ్డ.

"పారిస్ వాళ్ళు రాసినారు. మునిగిపోయే పాటంతా తప్పులంట. స్వరం యాడా నిలబడలేదంట, తాగినోడి నడక మాదిరి ఉందంట. పరువు పోయింది నాకు." ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "ఏంది ఇది? కళ్ళు యాడ పెట్టుకోని కొట్టినావు?"

"తప్పు కాదు సార్. అది అక్క..." అని, నా వైపు చూసి ఆగింది. మిగతాది నేను చెబుతానని ఆగింది. పెద్దదాన్ని కాబట్టి నాకు చోటిచ్చింది.

"నిన్ను అడగలా" అని ఆయన నన్నడిగాడు. "అమ్మా, మీరు చెప్పండి. మీ పుస్తకంలో రాసిన స్వరాలు సరిగానే ఉన్నాయా?"

పిల్లలూ, మన పద్ధతిలో గమకం కాగితం మీద రాయరు. స్వరం రాస్తారు. ఊపు గురువు నోట్లోంచి శిష్యుడి చెవిలోకి పోతుంది. నా పుస్తకంలో ముఖారి స్వరాలు పొల్లు పోకుండా ఉన్నాయి. ఊపమన్న మాట ఒక్కచోట కూడా లేదు.

"సరిగానే ఉన్నాయి సార్" అన్నాను.

అదే నేను చెప్పిన నిజం.

ఆ అమ్మాయి నన్ను ఒక్క క్షణం చూసింది. తన బల్ల దగ్గరికి పోయి, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, మెషిన్ మీద గుడ్డ కప్పి, అంచులు సర్ది మరీ పోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు నేను లెక్కపెట్టాను. పంతొమ్మిది మెట్లు. ఏ మెట్టు దగ్గర పిలిచినా ఆగేది.

"అజాగ్రత్త వల్ల తీసేశాం" అని ఆయన ఆమె ఇంటికి కాగితం పంపించాడు. మా ఊరు ఎంత ఊరు? ఆ కాగితం అడక్కుండా ఎవరూ ఉద్యోగమివ్వరు, అడిగినవాళ్ళు అసలే ఇవ్వరు.

నేను మాత్రం రోజూ ఆఫీసుకు పోతూనే ఉన్నాను. గుడి ముందు ఆగి దండం పెడుతూనే ఉన్నాను. ఆయన నాకు అన్నం పెట్టిన మనిషి, ఎదురు మాట్లాడకూడదు, ఆ పిల్ల చిన్నది, ఇంకో చోట దొరుకుతుంది. ఇవన్నీ దేవుడి ముందు నిలబడే చెప్పుకున్నాను. అవ్వ బతికుంటే మొట్టికాయలతో సరిపెట్టేది కాదు. కొత్తగా వచ్చిన ఆపరేటర్ ఊపులన్నీ తీసేసి పాటను కొయ్యలు పాతినట్టు చదును చేశాడు. అతను "మళ్ళీ" అనేవాడు కాదు. ఒక్కసారి చదివితే చాలు. పని తొందరగా అయ్యేది. ఆయన సంతోషించేవాడు.

మరుసటి ఏడు పారిస్ కంపెనీ మూతపడింది. అప్పులో, గొడవలో, ఏమో. వాళ్ళ ఆటలు, వాటిలోని మా పాటలు ఎవరివయ్యాయో కూడా మాకు తెలియలేదు. మా మేడ మీది ఆఫీసు కూడా ఆ వారమే కట్టేశారు. సామాను సర్దుతుంటే మా యజమాని ఒక కాగితాల కట్ట నా చేతిలో పెట్టాడు.

"వెనకంతా ఖాళీనే గదమ్మా. మీ పిల్లలు రాసుకుంటారు, తీసకపోండి."

అప్పుడు కూడా నేను "మీ దయ సార్" అన్నాను. ఇవాళ ఆ మాట రాస్తుంటే పెన్ను విరిచెయ్యాలనిపిస్తోంది.

ఆ కట్టలో పారిస్ ఉత్తరాలున్నాయి. నాకు ఫ్రెంచి రాదనే ధీమాతో ఇచ్చాడో, అందులో ఏముందో మరిచేపోయాడో తెలియదు. మా ఉప్పళంలో పక్కింటాయన ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను తీసుకుంటున్న ముసలాయన. మా వరండాలో కూర్చుని పిల్లల లెక్కల కాగితాన్ని తిప్పి చూసి, "ఏంది పాపా, ఎవరో మిమ్మల్ని మెచ్చుకున్నారే!" అన్నాడు.

"ఏమని మామా?"

చదివి చెప్పాడు. మునిగిపోయే పాటలో స్వరాలు కొన్నిచోట్ల ఊగుతున్నాయి, ఇది కావాలని చేసిందా, పొరపాటా? కావాలని చేసిందే అయితే ఇలాంటిది ఈ మెషిన్ మీద మేం ఎన్నడూ వినలేదు. ఎలా చేశారో, చేసినవాళ్ళెవరో రాయండి, మిగతా ఆటలకు కూడా ఇలాగే కావాలి. ఇదీ ఉత్తరం.

తాగినోడి నడక అన్న మాట అందులో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివించాను. లేదు.

దాని వెనకే ఇంకో చిన్న ఉత్తరం. పొరపాటు చేసినవారిని తొలగించామని మీరు రాశారు, అయ్యో, అది పొరపాటని మేం అనలేదే, అని.

వాళ్ళు అడిగింది ఒక ప్రశ్న. దానికి జవాబు ఆయనకు తెలియదు. ఎందుకంటే ఆయన పాట వినలేదు. మమ్మల్ని పిలిచి "ఇది మీరు కావాలనే చేశారా?" అని అడిగితే సరిపోయేది. ఇద్దరాడవాళ్ళను అడిగి తెలుసుకోవడం కంటే ఒకరిని వెళ్ళగొట్టడం ఆయనకు సులువైంది. నా కోపం ఇక్కడ. పొరపాటు మనుషులందరూ చేస్తారు. ఈయన లేని పొరపాటును తయారుచేశాడు, దానికో మనిషిని వెతికాడు, సాక్షిగా నన్ను నిలబెట్టాడు.

మరునాడే బజారుకు పోయాను. ఆయన కొట్టులో గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఉత్తరాలు ముందు పెట్టాను.

"ఇప్పుడెందుకమ్మా ఇది? అయిపోయిన కథ."

"ఆ పిల్లకు ఇంకా అయిపోలేదు సార్. తప్పు లేదని ఒక కాగితం రాసియ్యండి."

"యాడ రాయాలి? ఆ కంపెనీ లేదు, మన ఆఫీసు లేదు. బట్టల కొట్టు బిల్లు మీద రాయనా?" అని నవ్వాడు. గుమాస్తాలు కూడా నవ్వారు. నవ్వు తగ్గాక గొంతు దించి అన్నాడు. "చదువు లేనోళ్ళు మీరు. కుర్చీ ఇచ్చినాను. మరిచిపోయినారా?"

"మరిచిపోలా సార్. మరిచిపోయి ఉంటే ఆ రోజే నోరు తెరిచి ఉందును."

కాగితం రాయలేదు. నేను ఉత్తరాలు తీసుకుని వచ్చేశాను. దారిలో గుడి ముందు ఆగాను. ఆయన దండం ఆ రోజుతో బంద్. అమ్మవారికి నా దండం నేను పెట్టుకుని, ఇంటికొచ్చి, నోటు పుస్తకం తీసి, ఆయన రాయని కాగితం నేనే రాశాను. తెలుగులో. నాకు వచ్చింది అదే.

కురుచికుప్పంలో వాళ్ళిల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆ అమ్మాయి వాకిట్లో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ముఖారిని డబ్బాలోంచి పలికించిన వేళ్ళు. నన్ను చూసి లేవలేదు. వాళ్ళమ్మ చాప తెచ్చి వేసింది.

"ఏందక్కా, ఇంత దూరం? దారి తప్పినావా?"

"నీకు ఒకటి రాసినా."

పుస్తకం చూసింది. "తెలుగు నేను చదవలేను గదక్కా."

"తెలుసు. నేను చదువుతా."

ముందు ఉత్తరాల్లో ఏముందో చెప్పాను. విన్నంతసేపూ సూది ఆగలేదు. తరవాత పుస్తకం తెరిచి చదివాను.

"ముఖారి పాటలో స్వరాలు ఊగడం పొరపాటు కాదు. ఊపమన్నది నేను. ఎలా ఊపాలో కనిపెట్టి, పదకొండు రోజులు కష్టపడి ఊపింది ఈ అమ్మాయి. పారిస్ వాళ్ళు అది బాగుందన్నారు. అడిగిన రోజు నేను ఈ మాట చెప్పలేదు. భయపడి ఊరుకున్నాను. ఈమె చేతిలో ఏ తప్పూ లేదు." కింద నా సంతకం.

సూది ఆగింది. నా కళ్ళు నిండాయి. ఆమె క్షమిస్తుందనో, ఏడుస్తుందనో, నాకేదో తేలికవుతుందనో ఎదురుచూస్తున్నాను.

ఆమె తలెత్తకుండా అంది. "మళ్ళీ."

మళ్ళీ చదివాను. 'భయపడి ఊరుకున్నాను' దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తింది, పనిలో తప్పు దొరికితే ఎత్తినట్టే.

"అక్కడ తప్పుందక్కా."

"ఏం తప్పు?"

"నువ్వు భయపడలా. నేను చూస్తా ఉన్నా గదా నీ మొహం. భయపడినోళ్ళు అట్లా ఉండరు."

"మరేం రాయమంటావు?"

హుక్కు ఒకటి కుట్టి, దారం పళ్ళతో తెంచింది. "ఈ పిల్ల పోతే పోనీ, నా కుర్చీ నాకుంటే చాలనుకున్నా. అట్లా రాయి."

వాళ్ళమ్మ గబగబా లోపలికి పోయింది. నేను పెన్ను తీసి 'భయపడి ఊరుకున్నాను' అన్నది కొట్టేశాను. అన్నాళ్ళూ నేను చదివితే ఆమె కొట్టింది. ఆ పూట ఆమె చెబుతుంటే, ఒక్కొక్క అక్షరం, నేను రాశాను.

రాసింది రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి తప్పేమీ దొరకలేదు.